కూతుళ్ల తండ్రి

కిందటి వేసవిలో రెండు నెలలపాటు కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో, మా పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నాను. చూడవలసినవి ఎన్నో ఉన్నాయని అల్లుడుగారు జాబితా చదువుతుంటే, నేను అడిగిన చోటు ఒక్కటే: అక్కడికి సుమారు అరగంట ప్రయాణం దూరాన, పారిస్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న క్లెయిబోర్న్ ఫామ్. 1910లో మొదలైన ఆ గుర్రాల క్షేత్రంలో ఒక చిన్న శ్మశానవాటిక ఉంది. అక్కడ సెక్రటేరియట్ అనే రేసు గుర్రం సమాధి ఉంది. రేసు గుర్రం చనిపోతే తల, గుండె, డెక్కలు మాత్రమే పాతిపెట్టడం ఆ ప్రాంతపు ఆచారం. 1989 అక్టోబరులో మరణించిన సెక్రటేరియట్‌ను మాత్రం పూర్తి దేహంతో ఖననం చేశారు. ఆ రాయి ముందు నిలబడాలని నాకు ఎన్నో ఏళ్లుగా కోరిక.

హైదరాబాదు వాళ్లకు సెక్రటేరియట్ అంటే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న సచివాలయమే గుర్తుకు వస్తుంది. గుర్రానికి ఆ పేరు రావడం వెనుక కూడా ఒక కార్యాలయమే ఉంది. యజమానులు పంపిన పేర్లన్నీ తిరిగి వస్తుంటే, వారి దగ్గర కార్యదర్శిగా ఉన్న ఎలిజబెత్ హామ్ అనే ఆమె, తాను పూర్వం నానాజాతి సమితి సచివాలయంతో సంబంధమున్న ఉద్యోగం చేసిన రోజులను తలచుకుని ఈ పేరు సూచించింది. గుర్రాన్ని ‘అది’ అనడమే వ్యాకరణం. అయినా ఇక్కడ నేను ఒక తండ్రి గురించి రాస్తున్నాను కనుక ‘అతడు’ అనే అంటాను.

నేను మలక్‌పేట రేసుకోర్సుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో పెరిగాను. మా నాన్నగారు పందెం కాసేవారు కాదు. రేసు పుస్తకం మాత్రం కొనేవారు. అందులో ప్రతి గుర్రం పేరు దగ్గర తండ్రి పేరు, తల్లి పేరు ఉంటాయి. వాటిని ఆయన వంశవృక్షం చదివినట్టు శ్రద్ధగా చదివేవారు. ఆ అలవాటు నాకూ వచ్చింది. తరువాత ఆడిటర్‌గా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఆస్తికి వెల కట్టడం, ఆ వెల ఎందుకు తప్పిందో కొన్నేళ్ల తరువాత తెలుసుకోవడం నా వృత్తిలో నిత్యం జరిగే పని. ఒక మగ గుర్రానికి, పుట్టబోయే పిల్లల ఆశ మీద కట్టే వెలకంటే కష్టమైన లెక్క నాకు ఇంతవరకు తగలలేదు.

సెక్రటేరియట్ పుట్టుక కూడా డబ్బు చేతులు మారని ఒక బేరంలో నుంచే వచ్చింది. అతడి తండ్రి బోల్డ్ రూలర్ ఆ రోజుల్లో అమెరికాలో అందరికంటే పేరున్న స్టాలియన్, అంటే పిల్లల కోసం ఉంచే మగ గుర్రం. యజమానుల కుటుంబానికి చెందిన ఆగ్డెన్ ఫిప్స్ జతకట్టించినందుకు ఫీజు తీసుకునేవాడు కాదు. ఎంచుకున్న వారి ఆడగుర్రాలను తన గుర్రంతో కలపనిచ్చి, పుట్టిన పిల్లలను పంచుకునేవాడు. ముందుగా ఎవరు ఎంచుకోవాలో నాణెం ఎగరేసి తేల్చేవారు. మన పల్లెల్లో పశువును పాలికి ఇచ్చి ఈతలు పంచుకునే పద్ధతికి ఇది ఎంతో దగ్గర. 1969లో ఆ నాణెం ఎగిరినప్పుడు గెలిచినది ఫిప్స్. అతడు అప్పటికే పుట్టి ఉన్న ఒక ఆడపిల్లను ఎంచుకున్నాడు. ఓడిన చెనరీ కుటుంబానికి, అంటే ఆడగుర్రం యజమానులకు, అదే తల్లి సమ్‌థింగ్‌రాయల్ కడుపులో ఉన్న మరుసటి ఏటి పిల్ల దక్కింది. ఫిప్స్ ఎంచుకున్న ఆ పిల్లకు ‘ది బ్రైడ్’ అని పేరు పెట్టారు. ఆమె ఒక్క పందెమూ గెలవలేదు. కడుపులో ఉన్న పిల్ల 1970 మార్చి 30న వర్జీనియాలో పుట్టాడు. ఒళ్లు ఎర్రటి రాగి రంగు, మూడు కాళ్లకు తెల్లని మేజోళ్లు, ముఖాన తెల్లని చుక్కా చారా. నాలుగో కాలు కూడా తెల్లగా ఉండి ఉంటే మన పెద్దలు పంచకళ్యాణి అని ఇంటికి తెచ్చుకుని ఉండేవారు.

రెండేళ్ల వయసులో తొమ్మిది పందేలు పరుగెత్తి ఏడు గెలిచి, 1972కు అమెరికా మేటి గుర్రంగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడు జనవరిలో పెద్దాయన క్రిస్టఫర్ చెనరీ మరణించాడు. ఆస్తి మీద పడిన వారసత్వపు పన్ను చాలా పెద్దది. ఆ పన్ను కట్టడానికి కూతురు పెన్నీ చెనరీ ముందు ఉన్న దారి, గుర్రాన్ని భావి తండ్రిగా ముందే అమ్మివేయడం. క్లెయిబోర్న్ ఫామ్ బాధ్యతలు అప్పుడే చేతికి వచ్చిన సెత్ హాంకాక్‌కు వయసు ఇరవై మూడేళ్లు. అతడు టెలిఫోను దగ్గర కూర్చుని 32 వాటాలు అమ్మాడు. వాటా 1,90,000 డాలర్లు, మొత్తం 60.8 లక్షల డాలర్లు. అప్పటికి ప్రపంచంలో ఏ గుర్రానికీ అంత వెల పలకలేదు. వాటాదారునికి దక్కేది గుర్రంలో ముక్క కాదు, ఏటేటా తన ఆడగుర్రాన్ని ఒకదాన్ని అతడి దగ్గరికి పంపే హక్కు. మూడేళ్ల వయసు ముగియగానే పరుగు మాన్పించాలని షరతు.

ఈ అంకె పక్కన మరొక అంకె పెట్టి చూడాలి. సెక్రటేరియట్ తన జీవితంలో మొత్తం 21 పందేలు పరుగెత్తి, 16 గెలిచి, సంపాదించిన బహుమతుల సొమ్ము 13,16,808 డాలర్లు. అంటే ప్రపంచమంతా చూసిన ఆ పరుగులన్నిటి విలువకు నాలుగు రెట్లకు మించిన వెల, ఇంకా పుట్టని పిల్లల కోసం, అదీ అతడు మూడేళ్ల వయసులో ఒక్క పందెమైనా పరుగెత్తక ముందే కట్టారు. ఏప్రిల్‌లో ఒక పందెంలో అతడు మూడో స్థానంలో వచ్చినప్పుడు (నోటిలో కురుపు లేచిందన్న సంగతి చాలామందికి తెలియదు) వాటాదారులకు ఎన్ని నిద్రలేని రాత్రులు గడిచి ఉంటాయో ఊహించగలను. తరువాతి ఏడు వారాల్లో కెంటకీ డెర్బీ, ప్రీక్నెస్, బెల్మాంట్ మూడూ గెలిచాడు. 1948 తరువాత ఆ మూడింటినీ గెలిచిన మొదటి గుర్రం అతడే. జూన్ 9న బెల్మాంట్‌లో వెనకనున్న గుర్రానికీ అతడికీ మధ్య 31 గుర్రాల నిడివి ఉంది. కాలం 2 నిమిషాల 24 సెకన్లు. ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. ఆ రోజు అతడి మీద గెలిచిన టిక్కెట్లలో 5,617 టిక్కెట్లకు ఎవరూ డబ్బు తీసుకోలేదు. రెండు డాలర్లకు రెండు డాలర్ల ఇరవై సెంట్లు ఇచ్చే టిక్కెట్టును మార్చుకోవడం కంటే ఇంట్లో దాచుకోవడమే మేలని అంతమంది అనుకున్నారు. లెక్కల పుస్తకంలో జమ అయినా ఖర్చు కాని ఆ సొమ్మును తలచుకుంటే నాకు ఈనాటికీ గుండె నిండుతుంది.

ఆ తరువాతే అసలు పరీక్ష మొదలయింది. ఆ ఏటి చివర క్లెయిబోర్న్‌కు వచ్చినప్పుడు చేసిన పరీక్షల్లో అతడి వీర్యం ఇంకా పరిపక్వం కాలేదని తేలింది. అరవై లక్షలు పోసినవారు సహజంగానే కంగారుపడ్డారు. రేసు జాతికి చెందని మామూలు ఆడగుర్రాలతో ముందు జతకట్టించి చూశారు. అందులో లియోలా అనే చుక్కల గుర్రం 1974 నవంబరులో ఒక పిల్లను ఈనింది. అంత వెల కట్టిన తండ్రికి మొదటి సంతానం పందెపు పుస్తకంలో పేరెక్కే అర్హత లేని ఆ చుక్కల పిల్ల. ఆ తండ్రి దృష్టిలో మాత్రం ఆ పిల్లకూ తరువాతి పిల్లలకూ తేడా ఉండదు కదా అని నేను తరచుగా అనుకుంటాను.

మగ గుర్రంతో కలయికకు ఇంత వెల పలకడానికి కారణమైన నియమం ఒకటి ఉంది. థరోబ్రెడ్ అనే ఈ రేసు గుర్రాల జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. రెండు గుర్రాలూ ఒకే చోట కలిస్తేనే పుట్టిన పిల్లకు నమోదు దొరుకుతుంది. మన ఒంగోలు ఆంబోతు సంతానం ఇప్పుడు సన్నని గొట్టాల్లో గడ్డకట్టించిన వీర్యంగా ఊరూరికీ చేరుతోంది. అంతకు ముందే ఆ జాతి బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతోనే అక్కడి పచ్చికబయళ్లను నింపింది. రేసు గుర్రానికి ఆ వీలు లేదు. ఆడగుర్రాన్ని వాహనంలో ఎక్కించి తండ్రి ఉన్న చోటికి తీసుకురావలసిందే. ఉత్తరార్ధగోళంలో ప్రతి రేసు గుర్రానికీ జనవరి 1నే పుట్టినరోజు. గర్భం పదకొండు నెలలు. కనుక కలయికలన్నీ ఫిబ్రవరి మధ్య నుంచి వేసవి మొదటి వరకు ఉన్న కొద్ది నెలల్లోనే జరగాలి. ఆ రోజుల్లో ఒక స్టాలియన్‌కు ఏడాదికి నలభై ఆడగుర్రాలంటే నిండు లెక్క. ఇప్పుడు పేరున్న వాటికి రెండువందలు కూడా వస్తున్నాయి. ఏడాదికి 140కి మించరాదని, రేసు గుర్రాలను నమోదు చేసే అమెరికా జాకీ క్లబ్ 2020లో చేసిన నియమాన్ని 2022లో వెనక్కి తీసుకుంది. అలా తీసుకోవడం తప్పని నా అభిప్రాయం. ఒకే తండ్రి రక్తంతో పొలాలన్నీ నిండిపోతే, జాతికి రేపు కావలసిన వైవిధ్యం ఎక్కడినుంచి వస్తుంది?

సమాధి దగ్గరికి మాతో వచ్చిన మా మనవడికి తొమ్మిదేళ్లు. మా పెద్దమ్మాయి కొడుకు. నేను ఇవన్నీ చెబుతుంటే విని, “తాతయ్యా, ఇంతకీ గుర్రానికి ఎంత ఇచ్చారు?” అని అడిగాడు. ముప్పై నాలుగేళ్ల ఆడిట్‌లో నేను ఎవరినీ అడగని ప్రశ్న అది. ఆ సాయంత్రమంతా గుర్రం తరఫున జవాబు చెప్పడానికి ప్రయత్నించాను. వాడు నవ్వుతూ విన్నాడు. “నాయనా, నన్ను ముప్పై రెండుమంది పంచుకున్నారట. నీళ్లతొట్టిలో చూసుకుంటే నేను ఒక్కడినే కనిపించాను. నాకు ఓట్స్ ఇచ్చారు, పచ్చిక ఇచ్చారు, నన్ను చూడవచ్చినవాళ్లు పిప్పర్‌మెంటు బిళ్లలు ఇచ్చారు. పన్ను కట్టడానికి నా పిల్లలను ముందే తాకట్టు పెట్టారని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, వసంతం వచ్చిందంటే నాకు అదే పండుగ. పుట్టినవాళ్లలో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నేను చూడలేదు. ఏ పిల్ల ఎంతకు అమ్ముడుపోయిందో ఆ కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి. వాటిని చదివి మీరు నిట్టూర్చినప్పుడల్లా, మా ఇంటి సంగతి మీకు ఇంకా పూర్తిగా తెలియలేదే అని నేను అనుకునేవాడిని.”

ఆ కాగితాలు నేను చదివాను. 1976 జూలైలో, కీన్‌ల్యాండ్ వేలంలో అతడి మొదటి ఏటి కొడుకుల్లో ఒకడైన కెనడియన్ బౌండ్‌ను 15 లక్షల డాలర్లకు కొన్నారు. వేలంలో పది లక్షల డాలర్లు దాటిన మొదటి ఏడాది వయసు గుర్రం అతడే. ఒక్క పందెమూ గెలవలేదు. సెక్రటేరియట్‌కు మొత్తం 650కి పైగా పిల్లలు పుట్టారు. వారిలో 50 మందికి పైగా పెద్ద పందేలు గెలిచారు. 1988లో రైజెన్ స్టార్ ప్రీక్నెస్, బెల్మాంట్ గెలిచాడు. ఇది ఏ తండ్రికైనా గర్వకారణమే. అయినా కొడుకుల్లో ఎవరూ తండ్రి అంతటివాడు కాలేదనీ, తమ వంతు వచ్చినప్పుడు గొప్ప తండ్రులూ కాలేదనీ తీర్పు వచ్చింది. సెక్రటేరియట్ స్టాలియన్‌గా విఫలమయ్యాడని పత్రికలు రాశాయి. ఆ మాట చాలాకాలం నిలిచింది.

మా రెండో అమ్మాయి పుట్టినప్పుడు, ఆసుపత్రి వరండాలో ఒక దగ్గరి బంధువు నా భుజం మీద చేయివేసి ఓదార్చారు. నేను ఏడవడం లేదు, సంతోషంగా ఉన్నాను. అయినా ఓదార్చారు. అపుత్రస్య గతిర్నాస్తి, కొడుకు లేనివాడికి గతి లేదు అన్న మాట ఆ తరువాత పదిహేనేళ్లపాటు పెళ్లిళ్లలో, తద్దినాల్లో, మా ఇంటి అరుగు మీద నా చెవిన పడుతూనే ఉంది. అందుకే కావచ్చు, సెక్రటేరియట్ గురించిన ఆ తీర్పు చదివినప్పుడు, అది ఎవరి పేర్లు లెక్కించకుండా వచ్చిందో వెతకాలని నాకు అనిపించింది.

అతడి కూతుళ్లలో లేడీస్ సీక్రెట్ అనే చిన్న బూడిదరంగు గుర్రం ఉంది. 45 పందేలు పరుగెత్తి 25 గెలిచింది. 1986లో మగ గుర్రాలను కూడా కలుపుకొని దేశపు మేటి గుర్రంగా నిలిచింది. ఆమె సంపాదన 30 లక్షల డాలర్లు దాటింది. అంటే తండ్రి సంపాదనకు రెండింతలకు పైన. మరొక కూతురు టెర్లింగ్వాను ఏడాది వయసులో 2,75,000 డాలర్లకు కొన్నారు. కెనడియన్ బౌండ్ వెలలో అది అయిదో వంతు కూడా కాదు. రెండేళ్ల వయసులో ఆమె మగపిల్లలతో కలిసి పరుగెత్తి వాళ్లను ఓడించింది. 1983లో ఆమెకు స్టార్మ్ క్యాట్ పుట్టాడు. అతడు స్టాలియన్‌గా మొదలైనప్పుడు ఫీజు 30,000 డాలర్లు. కొన్నేళ్లకు అది 20,000కు పడిపోయింది. తరువాత పిల్లలు గెలవడం మొదలుపెట్టగానే పెరిగి పెరిగి, 2002 నాటికి ఒక్క కలయికకు 5 లక్షల డాలర్లయింది. ఏడాదికి వంద ఆడగుర్రాలు అనుకుంటే అయిదు కోట్ల డాలర్లు. అరవై లక్షలు పోసి తాతను కొన్నవారు మనవడు ఇంతవాడవుతాడని లెక్క వేసి ఉండరు.

వీకెండ్ సర్‌ప్రైజ్ అనే మరో కూతురి కొడుకుల్లో ఇద్దరిని చెప్పుకోవాలి. సమ్మర్ స్క్వాల్ 1990లో ప్రీక్నెస్ గెలిచాడు. అతడి తమ్ముడు ఏపీ ఇండీ 1992లో బెల్మాంట్, బ్రీడర్స్ కప్ క్లాసిక్ రెండూ గెలిచి, తరువాత తన కాలపు గొప్ప తండ్రుల్లో ఒకడయ్యాడు. సీక్రెట్‌టేమ్ కొడుకు గాన్ వెస్ట్. సిక్స్ క్రౌన్స్ కొడుకు చీఫ్స్ క్రౌన్. బెట్టీస్ సీక్రెట్ అనే కూతురి కొడుకు సెక్రీటో 1984లో ఇంగ్లండు వెళ్లి ఎప్సమ్ డెర్బీనే గెలుచుకున్నాడు. ఆమెకే పుట్టిన ఇస్తబ్రాక్ అడ్డంకులు దూకే పందేల్లో వరసగా మూడేళ్లు ఛాంపియన్. 1992లో అమెరికాలో కూతుళ్ల సంతానం సంపాదనను బట్టి తాతలకు వరస కట్టినప్పుడు మొదటి పేరు సెక్రటేరియట్‌దే. అప్పటికి అతడు పోయి మూడేళ్లు.

కారణం ఏమిటని అడిగితే శాస్త్రజ్ఞులు జాగ్రత్తగా మాట్లాడతారు. కొడుకుకు తండ్రి నుంచి వచ్చేది వై క్రోమోజోము. తండ్రి ఎక్స్ క్రోమోజోము కూతురికే వెళ్తుంది, ఆమె ద్వారా మనవలకు చేరుతుంది. ఇది అందరికీ తెలిసిన జీవశాస్త్రం. సెక్రటేరియట్ అసాధారణమైన పెద్ద గుండె ఈ దారిలోనే దిగివచ్చిందని కొందరు నమ్ముతారు. అది నిరూపణ కాని ఊహ. నేను ఆ ఊహ మీద వాదించను. ఒక విషయం మాత్రం నాకు కళ్లకు కనిపిస్తోంది. వేలంలో కొడుకులకు ఎక్కువ వెల పలికింది, ఎందుకంటే కొడుకు రేపు వందమందికి తండ్రి కాగలడు, కూతురు ఏడాదికి ఒక్క పిల్లనే కనగలదు. గుణకారం తెలిసిన ఎవరైనా అలాగే వెల కడతారు. నేనైనా అలాగే కట్టి ఉండేవాడిని. ఆ గుణకారంలో, కూతురు కన్న ఆ ఒక్క పిల్ల తిరిగి వెయ్యిమందికి తండ్రి కావచ్చునన్న గడి లేదు.

మన శ్రాద్ధవిధిలో మాత్రం ఆ గడి ఉంది. శ్రాద్ధానికి పవిత్రమైనవి మూడని మనుస్మృతి చెబుతుంది: దౌహిత్రుడు, కుతపం (కంబళి అని కొందరు, మధ్యాహ్న వేళ అని కొందరు అర్థం చెబుతారు), నువ్వులు. కూతురి కొడుకు పేరు అందులో మొదట ఉంది. అపుత్రస్య అని నాకు వినిపించినవారిలో ఒక్కరైనా ఈ శ్లోకం చెప్పి ఉంటే, మా ఆవిడ ఆ పదిహేనేళ్లు ఇంకొంచెం తేలికగా గడిపి ఉండేది.

1978లో అఫర్మ్డ్ తరువాత ఆ మూడు పెద్ద పందేలనూ ఒకే ఏడు గెలిచిన గుర్రం 37 ఏళ్లపాటు రాలేదు. 2015లో అమెరికన్ ఫారో వచ్చాడు. అతడి తల్లికి తండ్రి యాంకీ జెంటిల్‌మన్, స్టార్మ్ క్యాట్ కొడుకు. 2018లో జస్టిఫై వచ్చాడు. అతడి తండ్రి స్క్యాట్ డాడీ, ముత్తాత హెనెసీ, ఆ హెనెసీ తండ్రి స్టార్మ్ క్యాట్. ఈ రెండు దారుల్లో ఏ దారిన పైకి వెళ్లినా టెర్లింగ్వా దగ్గరికే చేరుతాం, ఆమె నుంచి ఆమె తండ్రి దగ్గరికి.

తిరిగి వచ్చిన రాత్రి, వృత్తిలో వాడిన పాత నోటుపుస్తకం ఒకటి పెట్టెలోంచి తీసి, మనవడి చేత అడ్డగీతలూ నిలువు గీతలూ కొట్టించాను. ఎడమవైపు కొడుకుల పేర్లు, వారికి వేలంలో పలికిన వెల. కుడివైపు కూతుళ్ల పేర్లు, వారి కడుపున పుట్టినవారు. వాడు పేర్లు చదువుతుంటే నేను రాశాను. కెనడియన్ బౌండ్ వరస ఒక్క గడితో ఆగిపోయింది. వీకెండ్ సర్‌ప్రైజ్ వరస పుట అంచు వరకు వెళ్లింది. టెర్లింగ్వా వరసకు ఆ పుట చాలలేదు. కాగితం తిప్పి, వెనకవైపున అమెరికన్ ఫారో పేరూ, దాని కింద జస్టిఫై పేరూ రాశాము.